యాక్సెస్ పాయింట్‌లో డీహెచ్‌సీపీ పేజీ: ఏ గడిలో ఏం రాయాలి, అసలు రాయాలా?

మీరు అడిగింది ఇదీ. విశాఖ ఎంవీపీ కాలనీలో మీ పిన్నిగారి లేడీస్ హాస్టల్. కింద ఆఫీసు గది, వంటగది. పైన మూడంతస్తుల్లో నలభై ఐదు మంది అమ్మాయిలు. ఫైబర్ బాక్సు ఆఫీసు గదిలో ఉంది. మొదటి రెండు అంతస్తులకు కొత్త యాక్సెస్ పాయింట్లు (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బాలు) కొని పెట్టారు, మూడో అంతస్తుకి ఇంట్లో ఖాళీగా పడున్న పాత వైఫై రూటర్ తగిలించారు. ఇప్పుడు కొందరి ఫోన్లు ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ దగ్గరే ఆగిపోతున్నాయి, కొందరికి కనెక్ట్ అయినట్టు చూపించి ‘ఇంటర్నెట్ లేదు’ అంటోంది. రాత్రి ఎనిమిది దాటితే ఎక్కువ, కరెంటు పోయి వచ్చాక మరీ ఎక్కువ. కేబుల్ లాగిన కుర్రాడు ‘యాక్సెస్ పాయింట్‌లో డీహెచ్‌సీపీ ఎనేబుల్ చేసి 192.168.1.100 నుంచి ఇచ్చేయండి’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ పేజీ తెరిస్తే స్టార్ట్ ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, లీజ్ టైమ్ అని గడులున్నాయి, ఎందులో ఏం నింపాలో చెప్పమన్నారు.

మీ హాస్టల్లో ఆ గడులేవీ నింపక్కర్లేదు. రెండు కొత్త యాక్సెస్ పాయింట్లలోనూ, పాత రూటర్‌లోనూ డీహెచ్‌సీపీ సర్వర్‌ని, అంటే ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటుని, డిసేబుల్ చేయండి. అడ్రస్‌లు ఇచ్చే పని కింద ఉన్న ఫైబర్ బాక్సు ఒక్కదానికే వదిలేయండి. మార్చాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి గానీ అవి ఆ బాక్సులో ఉన్నాయి. హాస్టళ్లు, లాడ్జీలు, కోచింగ్ సెంటర్ల వైఫై పనులే నేను ఎక్కువగా చూస్తుంటాను కాబట్టి ఎందుకో, ఎలాగో కాస్త వివరంగానే రాస్తున్నా.

ఫోన్ వైఫైలోకి కొత్తగా వచ్చినప్పుడు దానికి అడ్రస్ ఉండదు. ‘నాకెవరైనా అడ్రస్ ఇస్తారా’ అని నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. దీన్ని డిస్కవర్ అంటారు. డీహెచ్‌సీపీ సర్వర్ ఎక్కడుంటే అక్కణ్నుంచి ‘ఇదిగో, ఇది ఖాళీగా ఉంది’ అని ఆఫర్ వస్తుంది. ఫోన్ ‘సరే, అదే ఇవ్వండి’ అని రిక్వెస్ట్ పెడుతుంది, సర్వర్ ‘ఇచ్చాను’ అని ఖాయం చేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఈ నాలుగు మాటలూ క్షణాల్లో అయిపోతాయి. 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాసుకున్న పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. సర్వర్ అడ్రస్ ఒక్కటే ఇచ్చి ఊరుకోదు. సబ్‌నెట్ మాస్క్ (ఈ నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే అంకె) ఎంత, బయటికి వెళ్లాలంటే ఏ గేట్‌వే పట్టుకోవాలి, వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ తెలుసుకోవాలంటే ఏ డీఎన్ఎస్‌ని అడగాలి, ఈ అడ్రస్ ఎంతసేపు వాడుకోవచ్చు (దీన్నే లీజ్ అంటారు) అన్నవి కూడా దాంతోనే చెబుతుంది.

ఇందులో చిక్కు ఎక్కడుందంటే, రెండు సర్వర్లు ఆఫర్ ఇస్తే ఫోన్ సాధారణంగా ముందు అందినదాన్నే పట్టుకుంటుంది. ఏది అసలు సర్వర్, ఏది దారి తప్పినది అని దానికి తెలియదు. ఆస్పత్రిలో ఒకే డాక్టరు గదికి రెండు కౌంటర్ల వాళ్లు ఎవరికి వారు ఒకటో నంబరు నుంచి టోకెన్లు ఇచ్చుకుంటూ పోతే గది ముందు ఏం జరుగుతుందో మీ హాస్టల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. ఒకే అడ్రస్ ఇద్దరి చేతికి వెళ్తుంది. ఒకరికి వస్తుంది, ఒకరికి పోతుంది, కాసేపయ్యాక తారుమారు అవుతుంది.

దానికి తోడు గేట్‌వే సమస్య. యాక్సెస్ పాయింట్ చేసేదల్లా గాల్లోంచి వచ్చినదాన్ని కేబుల్‌లోకి, కేబుల్‌లోంచి వచ్చినదాన్ని గాల్లోకి దాటించడం. ఫోన్ పంపిన డిస్కవర్‌ను కూడా అది అలాగే కింది బాక్సుకి చేరుస్తుంది. అందుకే దానికి సొంత డీహెచ్‌సీపీ అవసరం లేదు. అయినా ఎనేబుల్ చేస్తే చాలా మోడళ్లు ‘గేట్‌వే నేనే’ అని తమ అడ్రస్‌నే ఫోన్లకు చెప్పేస్తాయి. ఫోన్ ఆ మాట నమ్మి ఇంటర్నెట్‌కి వెళ్లాల్సిన డేటా అంతా యాక్సెస్ పాయింట్‌కి ఇస్తుంది. అదేమో రూటర్ కాదు, ఎక్కడికి పంపాలో దానికి తెలియదు. ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం ఇదే.

ఆ కుర్రాడు చెప్పింది బొత్తిగా తప్పని కూడా అనను. పెద్ద ఆఫీసుల్లో ఒక సర్వర్ ఆగిపోతే ఇంకొకటి ఉండాలని అడ్రస్‌లను రెండు భాగాలు చేసి రెండు సర్వర్లకు పంచే పద్ధతి ఉంది. అక్కడ రెండింటి శ్రేణులూ ఒకదాని మీద ఒకటి పడవు, గేట్‌వే రెండింటిలోనూ ఒకటే రాస్తారు. చూసుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. హాస్టల్లో ఆ పద్ధతి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత వచ్చిన కొత్త టెక్నీషియన్‌కి ఏ అడ్రస్ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవడానికే సగం రోజు పోతుంది. వద్దు.

సెట్టింగ్స్ ముట్టుకోకముందే ఒక సంగతి స్పష్టం చేసుకోండి. యాక్సెస్ పాయింట్ పేజీలో డీహెచ్‌సీపీ అన్న మాట రెండుచోట్ల కనిపిస్తుంది, జనం ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. లాన్ (లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో ‘స్టాటిక్ ఐపీ / డైనమిక్ ఐపీ’ అని ఉంటుంది. కొన్నింట్లో డైనమిక్ పక్కనే డీహెచ్‌సీపీ అని రాసి ఉంటుంది. అది యాక్సెస్ పాయింట్ తన కోసం అడ్రస్ తెచ్చుకునే విషయం, అంటే అక్కడ అది కూడా మీ ఫోన్‌లాగే ఒక క్లయింట్. రెండోది ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అనే వేరే పేజీ. అది ఇతరులకు అడ్రస్‌లు పంచే విషయం. మీరు డిసేబుల్ చేయాల్సింది ఈ రెండోది. మొదటిదాంట్లో స్టాటిక్ ఎంచుకుని మనమే ఒక అడ్రస్ ఇవ్వడం మంచిది. రేపు దాని పేజీ తెరవాలంటే వెతుక్కోకుండా ఉంటుంది.

ఇక దొంగ ఎవరో పట్టుకోవడం. మూడో అంతస్తులో నెట్ రాని అమ్మాయి లాప్‌టాప్ తీసుకోండి. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig /all అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. వచ్చే పొడుగాటి జాబితాలో వైఫై అడాప్టర్ కింద మూడు వరుసలు చూస్తే చాలు: ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్. మీ ఫైబర్ బాక్సు 192.168.1.1 అనుకుంటే ఆఖరి రెండు వరుసల్లోనూ అదే కనపడాలి. ఇంకేదైనా కనపడిందంటే ఆ అడ్రస్ ఉన్న డబ్బానే దొంగ. లాప్‌టాప్ లేకపోతే ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి వివరాలు చూడండి, గేట్‌వే లేదా రూటర్ అని ఉన్నచోట అడ్రస్ కనిపిస్తుంది. చూపించిన అడ్రస్ 169.254తో మొదలైతే అర్థం వేరు. ఏ సర్వరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి పరికరం తనంతట తానే ఒక అడ్రస్ పెట్టుకుంది. అప్పుడు సమస్య ఇద్దరు సర్వర్లు కావడం కాదు, ఒక్కరూ లేకపోవడం. కేబుల్ తెగిందా, అడ్రస్‌లు అయిపోయాయా అని చూడాలి.

మీరు ఏ కంపెనీ కనెక్షనో రాయలేదు. బాక్సును బట్టి ఈ అంకెలు మారతాయి. జియో ఫైబర్ బాక్సు అయితే మామూలుగా 192.168.29.1 ఉంటుంది, అప్పుడు కింద నేను 192.168.1 అన్నచోటల్లా 192.168.29 అని చదువుకోండి. మిగతా చాలా బాక్సులకు 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. కచ్చితంగా తెలియాలంటే బాక్సు అడుగున స్టిక్కర్ చూడండి.

పని ఒక్కో డబ్బా చొప్పున చేయండి, మూడూ ఒకేసారి తగిలించి మొదలుపెట్టకండి. మొదటి యాక్సెస్ పాయింట్‌ని హాస్టల్ కేబుల్ నుంచి విడదీసి, ఒక చిన్న నెట్‌వర్క్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి నేరుగా కలపండి. దానికి కంపెనీ పెట్టిన అడ్రస్ స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. టీపీ-లింక్ యాక్సెస్ పాయింట్లు చాలావాటికి 192.168.0.254, డీ-లింక్ డీఏపీ రకాలకు 192.168.0.50, యూబిక్విటీ యూనిఫై వాటికి ఏ సర్వరూ దొరకనప్పుడు 192.168.1.20. లాప్‌టాప్‌కి తనంతట తానుగా అడ్రస్ రాకపోతే కంగారు పడకండి. అడాప్టర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాక్సెస్ పాయింట్ 192.168.0.254 అయితే లాప్‌టాప్‌కి 192.168.0.10, మాస్క్ 255.255.255.0 అని చేత్తో రాయండి. మొదటి మూడు అంకెలూ రెండింటికీ కలవాలి, ఆఖరిది తేడాగా ఉండాలి. గేట్‌వే గడి ఖాళీగా వదిలేయొచ్చు. ఇప్పుడు బ్రౌజర్‌లో యాక్సెస్ పాయింట్ అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వస్తుంది.

లోపలికి వెళ్లాక వరుస ముఖ్యం. ముందు డీహెచ్‌సీపీ సర్వర్ డిసేబుల్ చేసి సేవ్ చేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. అన్నిటికన్నా చివర లాన్ పేజీలోకి వెళ్లి స్టాటిక్ ఐపీ 192.168.1.2, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 అని రాసి సేవ్ కొట్టండి. కొట్టగానే పేజీ అలాగే తిరుగుతూ ఉండిపోతుంది. పాడైపోలేదు. మీరు పాత ఇంటి నంబరు దగ్గర తలుపు కొడుతున్నారు, అది కొత్త నంబరుకి మారిపోయింది, అంతే. చాలామంది ఇక్కడే భయపడి రీసెట్ బటన్ నొక్కి మళ్లీ మొదటికి వస్తారు. లాప్‌టాప్ అడ్రస్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చి, యాక్సెస్ పాయింట్‌ని హాస్టల్ కేబుల్‌కి తగిలించి, 192.168.1.2 కొట్టి చూడండి. రెండోదానికి 192.168.1.3, పాత రూటర్‌కి 192.168.1.4 ఇవ్వండి. ఏ అంతస్తుది ఏ అడ్రసో స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాసేయండి.

పాత రూటర్ విషయంలో అదనంగా ఒకటి. దాని సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని ఉంటే అది ఎంచుకోండి, డీహెచ్‌సీపీ దానంతట అదే ఆగిపోతుంది. లేకపోతే డీహెచ్‌సీపీని మీరే ఆపి, కింది నుంచి వచ్చే కేబుల్‌ని లాన్ అని రాసిన పోర్టుల్లో ఒకదానికి గుచ్చండి, వాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉండేది) ఖాళీగా వదిలేయండి. వాన్‌లో గుచ్చితే అది మళ్లీ రూటర్‌లా పనిచేస్తూ మూడో అంతస్తుని వేరే నెట్‌వర్క్‌గా విడదీస్తుంది. నెట్ వస్తుంది గానీ కింద ఉన్న ప్రింటర్ పైవాళ్లకి మామూలుగా కనపడదు. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌లు) పేజీ ఉంటే అక్కడ కూడా అడ్రస్‌లు పంచే ఆప్షన్ ఆపేయండి.

కరెంటు పోయి వచ్చాక ఎక్కువవుతోందని రాశారు కదా. అది చదవగానే నాకు అనుమానం వచ్చింది కొత్త యాక్సెస్ పాయింట్ల మీదే. చాలా మోడళ్లలో డీహెచ్‌సీపీకి ఆన్, ఆఫ్ అని రెండే కాకుండా ‘ఆటో’ అని మూడోది కూడా ఉంటుంది, కొన్నింట్లో పెట్టెలోంచి తీయగానే ఉండేది అదే. నెట్‌వర్క్‌లో వేరే సర్వర్ ఉందేమో చూస్తుంది, ఉంటే తాను ఊరుకుంటుంది, లేకపోతే తానే అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కరెంటు వచ్చాక యాక్సెస్ పాయింట్ ముందు లేస్తుంది, ఫైబర్ బాక్సు పూర్తిగా లేచి పని మొదలుపెట్టడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ సందులో యాక్సెస్ పాయింట్ చుట్టూ చూసి ‘ఎవరూ లేరు’ అనుకుని పంచేస్తుంది. అప్పుడే కళ్లు తెరిచిన ఫోన్లన్నీ ఆ అడ్రస్‌లు పుచ్చుకుంటాయి. తర్వాత ఫైబర్ బాక్సు వచ్చినా, పుచ్చుకున్న ఫోన్లు లీజ్ సగం గడిచేదాకా మళ్లీ అడగవు. వైఫై ఆఫ్ చేసి ఆన్ చేసినవాళ్లకి బాగవుతుంది, చేయనివాళ్లకి కాదు. అందుకే ‘నాకు వస్తోంది, నీకెందుకు రావట్లేదు’ అన్న గొడవ. ఆటోని నమ్మకండి, ఆఫ్ అనే ఉండాలి. సేవ్ చేశాక ఒకసారి యాక్సెస్ పాయింట్‌ని ఒంటరిగా లాప్‌టాప్‌కి కలిపి ఆన్ చేసి చూడండి. లాప్‌టాప్‌కి 169.254 అడ్రస్ వచ్చిందంటే నిజంగా ఆగినట్టు.

మన ఊళ్లో తుఫాను కాలంలో కరెంటు వచ్చిపోతుండటం మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫైబర్ బాక్సుకి ఒక చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోండి, చిన్న కోతలకి బాక్సు పడిపోకుండా ఉంటుంది. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి అవే ఉన్నది తీసుకోండి, పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి తగిలించకండి.

ఇప్పుడు రాత్రి ఎనిమిది తర్వాత సంగతి. ఇది రెండు సర్వర్ల గొడవ కాదు, అడ్రస్‌లు చాలకపోవడం. మీరు పెట్టిన ఫొటోలో ఫైబర్ బాక్సు డీహెచ్‌సీపీ పేజీ కనిపిస్తోంది: మొదలు 192.168.1.100, చివర 192.168.1.149, లీజ్ 24 గంటలు. అంటే యాభై అడ్రస్‌లు. నలభై ఐదు మందికి ఫోన్లే నలభై ఐదు. సగం మందికి లాప్‌టాప్ ఉన్నా డెబ్బై దాకా అవుతుంది. హాల్లో టీవీ, సీసీ కెమెరాల రికార్డరు, మీ పిన్నిగారి ఫోను, వార్డెన్ ఫోను, ఆదివారం వచ్చే అమ్మానాన్నల ఫోన్లు. పగలు కాలేజీలకి, ఆఫీసులకి వెళ్లినప్పుడు కూడా వాళ్ల అడ్రస్‌లు ఖాళీ కావు. ఫోన్ గేటు దాటేటప్పుడు ‘నా అడ్రస్ వెనక్కి తీసుకోండి’ అని మామూలుగా చెప్పదు, లీజ్ తీరేదాకా ఆ అడ్రస్ దాని పేరు మీదే ఉంటుంది. సాయంత్రం అందరూ తిరిగొచ్చి లాప్‌టాప్‌లు కూడా తెరిచేసరికి ఆఖర్న వచ్చినవాళ్లకి మిగలదు. అవే మీ ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ ఫోన్లు.

దీన్ని ఇంకాస్త పెంచుతున్నది మీరు పెట్టిన వైఫై పేర్లు. అంతస్తుకి ఒక పేరు పెట్టారని రాశారు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ ప్రతి పరికరాన్నీ గుర్తుపట్టే నంబరు) చూపించకుండా ఒక్కో వైఫై పేరుకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. గోప్యత కోసం పెట్టారు, మంచిదే. కానీ ఒకే అమ్మాయి మొదటి అంతస్తు వైఫైలో ఒకసారి, రెండో అంతస్తు స్నేహితురాలి గదిలో ఇంకోసారి కలిస్తే మీ బాక్సుకి ఇద్దరు వేరువేరు మనుషులు వచ్చినట్టే. రెండు అడ్రస్‌లు పోయినట్టు. మూడు చోట్లా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ పెట్టండి. మెట్లెక్కి పైకి వెళ్తే ఫోన్ దగ్గరున్నదానికి తనే మారుతుంది, అడ్రస్ కూడా అదే ఉంటుంది. ఛానెళ్లు మాత్రం 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 అని అంతస్తుకొకటి పెట్టండి.

బాక్సులో మార్చాల్సింది ఇదీ. స్టార్ట్ ఐపీ 192.168.1.20, ఎండ్ ఐపీ 192.168.1.250. మొత్తం 231 అడ్రస్‌లు. 2 నుంచి 19 దాకా యాక్సెస్ పాయింట్లు, రికార్డరు, ప్రింటర్ లాంటి కదలని సామానుకి వదిలిపెట్టాం. యాక్సెస్ పాయింట్‌కి 192.168.1.100 లాంటి శ్రేణి మధ్యలో ఉన్న అంకె ఇవ్వకండి, బాక్సు అదే అడ్రస్‌ని ఎవరి ఫోన్‌కో ఇచ్చిందంటే ఆ అంతస్తు పేజీ ఒకసారి తెరుచుకుని ఒకసారి తెరుచుకోక పిచ్చెక్కిస్తుంది. మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచండి. పక్క బిల్డింగ్ కూడా కలుపుకుని 254 దాటితే అప్పుడు 255.255.254.0 పెట్టి 510కి పెంచే ఆలోచన చేయొచ్చు, ఇప్పుడు అవసరం లేదు. గేట్‌వే 192.168.1.1, డీఎన్ఎస్ దగ్గర బాక్సు తనంతట తాను పెట్టుకున్నదే ఉంచండి. ఇష్టమైతే రెండో గడిలో గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 రాసుకోవచ్చు.

లీజ్ టైమ్‌ని 8 గంటలు చేయండి. మీ దగ్గర ఉండేవాళ్లు రోజూ ఉండేవాళ్లే కాబట్టి శ్రేణి పెంచాక లీజ్ అంత పెద్ద విషయం కాదు. వచ్చిపోయే జనం ఉండే కాఫీ షాపులోనో, రుషికొండ వైపు రిసార్టులోనో అయితే గంటా రెండు గంటలే పెడతాను. గడి పక్కన ఏ కొలత రాసి ఉందో మాత్రం చూసుకోండి. కొన్ని బాక్సులు నిమిషాల్లో అడుగుతాయి, కొన్ని సెకన్లలో. 8 గంటలంటే 480 నిమిషాలు, 28800 సెకన్లు. సెకన్లు అడిగిన గడిలో 480 రాస్తే ఎనిమిది నిమిషాలకే లీజ్ అయిపోతుంది. అందులో సగం గడిచినప్పుడల్లా ప్రతి ఫోనూ వచ్చి పొడిగించమని అడుగుతుంది.

బాక్సు అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘డీహెచ్‌సీపీ పూల్ 20 నుంచి 250 దాకా పెట్టండి’ అని ఈ మాటల్లోనే చెప్పండి, పూల్ అంటే పంచే అడ్రస్‌ల శ్రేణి. ‘నెట్ స్లోగా ఉంది’ అంటే స్పీడ్ టెస్ట్ చేసి వెళ్లిపోతారు. వాళ్లు కుదరదంటే సొంతంగా ఒక మంచి రూటర్ కొని, ఫైబర్ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో (తాను రూటర్ పని మానేసి నెట్‌ని అలాగే దాటించేలా) పెట్టించి, అడ్రస్‌లు పంచే పని ఆ రూటర్‌కి అప్పజెప్పండి. నన్నడిగితే నలభై ఐదు మంది ఉన్న చోట కంపెనీవాళ్లు కనెక్షన్‌తో ఇచ్చిన బాక్సు మీదే అంతా నడపడం ఎలాగూ ఎక్కువ కాలం సాగదు.

సీసీ కెమెరా రికార్డరుకీ, ప్రింటర్‌కీ అడ్రస్ మారకుండా ఉండాలి. దానికి రెండు దారులు. రికార్డరులోనే 192.168.1.10 అని చేత్తో రాయడం ఒకటి. ఫైబర్ బాక్సులో ‘అడ్రస్ రిజర్వేషన్’ పేజీలో దాని మ్యాక్ అడ్రస్, ఇవ్వాల్సిన ఐపీ రాసిపెట్టడం రెండోది. నాకు రెండోదే ఇష్టం, లెక్కంతా ఒకే చోట ఉంటుంది. రిజర్వ్ చేసే అంకె శ్రేణి లోపలే ఉండాలని కొన్ని బాక్సులు పట్టుబడతాయి. ఒప్పుకోకపోతే 20 నుంచి 29 లోపు అంకె ఇవ్వండి. ఫోన్‌కి ఇలా రిజర్వ్ చేయాలంటే మాత్రం ఆ వైఫైకి ప్రైవేట్ అడ్రస్ (కల్పిత మ్యాక్ చూపించే) ఆప్షన్ ఆపాలి.

మరి యాక్సెస్ పాయింట్‌లో ఆ డీహెచ్‌సీపీ పేజీ ఎందుకు పెట్టారంటారా? దానికీ చోటుంది. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ అనుకోండి. హాల్లో పిల్లలు తమ ట్యాబ్‌లలో మాక్ టెస్ట్ రాయాలి, ప్రశ్నపత్రం ఆ హాల్లోనే ఉన్న ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ ఉండకూడదు. ఫైబర్ బాక్సు లేదు, రూటర్ లేదు. అక్కడ అడ్రస్‌లు ఇవ్వడానికి యాక్సెస్ పాయింట్ తప్ప దిక్కు లేదు కాబట్టి ఎనేబుల్ చేస్తాం. యాక్సెస్ పాయింట్‌కి 192.168.50.1, ప్రశ్నపత్రం ఉన్న కంప్యూటర్‌కి 192.168.50.10 చేత్తో ఇచ్చి, పంచడం 192.168.50.21 నుంచి మొదలుపెడతాం. తర్వాతి గడి జాగ్రత్తగా చదవండి. కొన్ని మోడళ్లు చివరి అడ్రస్ అడుగుతాయి. డీ-లింక్ డీఏపీ లాంటివి ‘రేంజ్’ పేరుతో ఎన్ని అడ్రస్‌లు కావాలో అడుగుతాయి. అక్కడ 150 రాస్తే 150 అడ్రస్‌లని అర్థం, అంటే 21 నుంచి 170 దాకా. చివరి అంకె అనుకుని రాస్తే లెక్క తప్పుతుంది. మాస్క్ 255.255.255.0. గేట్‌వే ఖాళీ, ఖాళీగా ఒప్పుకోకపోతే యాక్సెస్ పాయింట్ అడ్రస్సే రాయండి, బయటికి వెళ్లేది ఎలాగూ లేదు. లీజ్ పరీక్ష సమయానికి మించి ఉండాలి, 14400 సెకన్లు అంటే నాలుగు గంటలు చాలు. ఒకే హాల్లో రెండు యాక్సెస్ పాయింట్లు పెట్టాల్సి వస్తే ఒక్కదాంట్లోనే ఎనేబుల్, రెండోది ఆఫ్. ట్యాబ్‌లు ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా’ అని అడుగుతాయి, ‘ఉండాలి’ నొక్కమని పిల్లలకి ముందే చెప్పండి. లేదంటే సిమ్ ఉన్న ట్యాబ్ మొబైల్ డేటాకి మారిపోయి, పరీక్ష పేజీ తెరుచుకోక పిల్లలకి టెన్షన్.

మీ హాస్టల్లో గోడల్లో లాన్ పాయింట్లు ఉన్నాయంటే ఇంకో మాట. ఎవరో ఒకరు ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న రూటర్‌ని ఆ పాయింట్‌కి లాన్ వైపు తగిలించిన రోజు ఈ గొడవంతా మళ్లీ మొదలవుతుంది. అడిగితే ఎవరూ ఒప్పుకోరు. వాడని పాయింట్లని కింద స్విచ్ దగ్గరే పీకేయండి. స్విచ్ మార్చే ఆలోచన ఉంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి. ఫైబర్ బాక్సు ఉన్న పోర్టుని మాత్రమే ‘ట్రస్టెడ్’ చేస్తే, మిగతా పోర్టుల నుంచి వచ్చే ఆఫర్లని స్విచ్ అక్కడే తొక్కేస్తుంది.

సముద్రానికి దగ్గరున్న కాలనీ కాబట్టి కేబుల్ కొసలు కూడా ఒకసారి చూడండి. డాబా మీదనో, వరండా బయటనో ఉన్న ఆర్‌జే45 కనెక్టర్ (నెట్‌వర్క్ కేబుల్ కొసనుండే ప్లగ్) పీకి వెలుతురులో పట్టుకుంటే, ఎనిమిది రాగి పళ్ల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే అది ఉప్పుగాలి పని. లైట్ వెలుగుతూనే ఉంటుంది, డేటా మాత్రం దారిలో పడిపోతుంటుంది. డీహెచ్‌సీపీ నాలుగు మాటల్లో ఒక్కటి పోయినా ఫోన్ మళ్లీ మొదటి నుంచి అడగాలి. తుడిచి మళ్లీ పెట్టకండి. కొస కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించండి, బయట ఉండే జాయింటుని మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ పెట్టెలో పెట్టించండి.

ఇవన్నీ అయ్యాక ముందు ఫైబర్ బాక్సు, రెండు నిమిషాల తర్వాత యాక్సెస్ పాయింట్లు ఆన్ చేసి, అమ్మాయిలందరినీ ఒకసారి వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయమనండి. పాత లీజ్‌లు పోయి కొత్తవి వస్తాయి. ఆ తర్వాత కూడా ఏ అంతస్తులోనైనా ఆగిపోతే, అదే సమయంలో అక్కడి లాప్‌టాప్‌లో ఆ మూడు వరుసలు, ఫైబర్ బాక్సు క్లయింట్ లిస్టులో ఎంతమంది ఉన్నారో ఆ అంకె రాసి పెట్టండి. మీ డబ్బాల మోడల్ నంబర్లు కూడా రాస్తే ఏ మెనూలో ఏముందో చూసి చెబుతాను.